మొదటి సీజన్ అంత బాగుండి, తర్వాత ఎందుకు చప్పబడుతుంది?

అచ్చంపేట దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు రెండు ప్రశ్నలు కలిపి అడిగాడు. యానిమేషన్ సిరీస్‌లు కొన్ని గొప్పగా మొదలై, బొమ్మలు అంతే అందంగా ఉన్నా, మధ్యలో ఎందుకు చప్పబడతాయనేది మొదటిది. తను, తన నలుగురు దోస్తులు కలిసి పాలమూరు జనం పాడుకునే పండుగ సాయన్న కథను 22 నిమిషాల చొప్పున పది భాగాల సిరీస్‌గా తీయాలనుకుంటున్నారు, ఎక్కడ దెబ్బ తింటామో చెప్పమనేది రెండోది. నేను నల్లగొండవాణ్ని. హైదరాబాద్ స్టూడియోల్లో చాలా ఏళ్లు స్టోరీబోర్డులు గీశాను, ఇప్పుడు పిల్లలకు ఆ పని నేర్పుతున్నాను. రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే కాబట్టి కలిపే చెప్తాను.

తమ్ముడూ, ఈ ప్రశ్నకు అందరూ మొదట చెప్పే కారణం డబ్బు. డబ్బు తక్కువైతే బొమ్మలు తగ్గుతాయి, కదలిక తగ్గుతుంది, నిజమే. కానీ బొమ్మలు తగ్గినంత మాత్రాన సిరీస్ పడిపోదు. 1963లో జపాన్‌లో ఆస్ట్రో బాయ్ మొదలైనప్పుడు వాళ్ల దగ్గర సరిపడా డబ్బూ లేదు, సమయమూ లేదు. ఒక బొమ్మను మూడేసి ఫ్రేములు నిలబెట్టారు, కొన్ని చోట్ల బొమ్మను కదపకుండా కెమెరానే జరిపారు, ఒకసారి గీసిన కదలికల్ని దాచుకొని మళ్లీ మళ్లీ వాడారు. అయినా పిల్లలు టీవీకి అతుక్కుపోయారు. ఎవరు ఏం కోరుకుంటున్నారో, ఏం పోగొట్టుకుంటున్నారో ప్రతి భాగంలో స్పష్టంగా తెలిసేది కాబట్టి.

నేను చూసినంతలో సిరీస్ దెబ్బ తినేది యానిమాటిక్ దగ్గర. ఆ పేరు విననివాళ్ల కోసం చెప్తున్నాను. స్క్రిప్ట్ అయ్యాక ప్రతి షాట్‌నూ పెన్సిల్ గీతల్లో వేసేది స్టోరీబోర్డు. ఆ గీతల్ని వరుసగా పెట్టి, తాత్కాలికంగా రికార్డు చేసిన మాటలు కలిపి, అసలు భాగం ఎంత నిడివి ఉండాలో అంతకు కట్ చేసిన కచ్చా వీడియోనే యానిమాటిక్. రంగు ఉండదు, కదలిక ఉండదు. కానీ కథ నడుస్తోందా లేదా, ఎక్కడ బోర్ కొడుతోంది, ఎక్కడ అర్థం కావడం లేదు అన్నవి అందులోనే తేలిపోతాయి. అక్కడ ఒక సీన్ తీసేయాలంటే ఒక మనిషికి ఒక పూట పని. అదే సీన్ యానిమేషన్ పూర్తయ్యాక తీసేయాలంటే ఎంతోమంది వారాల కష్టం చెత్తబుట్టలోకి పోతుంది. అందుకని ఎవరూ తీసేయరు. బాలేదని తెలిసి కూడా అట్లనే ఉంచేస్తారు.

మామూలు సినిమాకు ఈ ఇబ్బంది ఇంత లేదు. వాళ్లు ఒక సీన్‌ను నాలుగు కోణాల్లో, పది టేకుల్లో తీసుకుంటారు, ఎడిటింగ్ బల్ల మీద కథను మళ్లీ కట్టుకుంటారు. యానిమేషన్‌లో మిగులు ఫుటేజీ ఉండదు. కావాల్సిన ఫ్రేము మాత్రమే తయారవుతుంది. లెక్క చూడు. 22 నిమిషాల భాగం అంటే 1,320 సెకన్లు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 31,680. చేత్తో గీసే 2డిలో ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలబెట్టినా, ఒక్క పాత్ర ఆగకుండా కదిలితే 15,840 బొమ్మలు కావాలి. తెర మీద ఇద్దరుంటే ఇద్దరినీ విడివిడిగా గీయాలి. ప్రతి క్షణం అందరూ కదలరు కాబట్టి నిజంగా గీసేది దీనికన్నా తక్కువే, కానీ పని బరువు ఇదీ. ఇంత బరువు ముందున్నప్పుడు కథ తప్పును పట్టుకోవాల్సిన చోటు యానిమాటిక్ ఒక్కటే.

సరిగ్గా ఆ చోటునే షెడ్యూలు తినేస్తుంది. ప్రసారం తేదీ ముందే ఖరారై ఉంటుంది. స్క్రిప్ట్ ఆలస్యమవుతుంది. వెనక యానిమేటర్ల గది ఖాళీగా ఉంటే జీతాలు దండగ, కాబట్టి వాళ్లకు త్వరగా పని పంపాలి. మధ్యలో నలిగిపోయేది బోర్డు ఆర్టిస్టు. యానిమాటిక్ తయారైన రోజే లేఅవుట్‌కు, అంటే షాట్‌లో ఏది ఎక్కడ ఉండాలో ఖాయం చేసే దశకు వెళ్లిపోతుంది. చూడాల్సిన నలుగురిలో ఒకరు చూస్తారు, ఆ ఒకరు కూడా పాత్రల టోపీ రంగు గురించి మాట్లాడతారు. 'ఇక్కడ అమ్మాయి ఎందుకు క్షమించిందో అర్థం కావడం లేదు' అని ఎవరైనా అంటే 'యానిమేషన్‌లో చూసుకుందాం' అనే జవాబు వస్తుంది. తమ్ముడూ, క్షమించడానికి కారణం స్క్రిప్ట్‌లో లేకపోతే కళ్లలో నీళ్లు ఎంత బాగా గీసినా రాదు. నేను పనిచేసిన ఒక చోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. విన్న ప్రతిసారీ కోపం వచ్చేది, ఇప్పటికీ వస్తుంది.

మొదటి సీజన్ బాగుండటానికి కూడా కారణం ఇందులోనే దొరుకుతుంది. మొదటి సీజన్‌ను సృష్టికర్తలు ఏళ్ల తరబడి మనసులో మోసి ఉంటారు, అమ్మకానికి తిరిగిన కాలమంతా దిద్దుతూనే ఉంటారు. తెలియకుండానే కథకు సమయం దొరికింది. రెండోది హిట్టయిన మర్నాడే కావాలంటారు.

దీనికి నేను తరచూ చెప్పే జంట ఉదాహరణ అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్, దాని కొనసాగింపు ది లెజెండ్ ఆఫ్ కోరా. అవతార్ 2005 నుంచి 2008 వరకు మూడు సీజన్లు, 61 భాగాలు. నీరు, భూమి, అగ్ని అని మూడు పుస్తకాలు. కథానాయకుడైన కుర్రాడు ఈ మూడింటినీ అదుపు చేసే విద్యలు నేర్చుకోవాలి, చివరికి అగ్ని రాజును ఎదుర్కోవాలి. కథ ఆకారంలోనే ముగింపు ఉంది. దానివల్ల ఏం దొరికిందో చూడు. రాజు కొడుకు జూకో రెండో పుస్తకం చివర మారిపోతాడని మనం అనుకున్న క్షణంలో తప్పు దారి పడతాడు. మూడో పుస్తకం ఉందని, అక్కడ వాడు వెనక్కి రావాలని రాసేవాళ్లకు తెలుసు కాబట్టే అంత దెబ్బ కొట్టగలిగారు. ఇంకో సీజన్ వస్తుందో రాదో తెలియనివాళ్లు ఆ పని చేయలేరు.

కోరాకు ఆ భాగ్యం లేదు. దాన్ని మొదట 12 భాగాల ఒక్క కథగానే అడిగారు. అందుకే 2012లో వచ్చిన మొదటి సీజన్ చివరి నిమిషాల్లో అన్ని ముళ్లూ గబగబా విప్పేశారు. కథానాయిక కోరా తన శక్తులు పోగొట్టుకోవడం ఎంత పెద్ద సంగతి! ఆ దుఃఖాన్ని ఒక సీజన్ అంతా నడపొచ్చు. కానీ కొద్ది నిమిషాల్లోనే అవి తిరిగి వచ్చేస్తాయి. ఆ తర్వాత కథ పొడిగించారు, మొత్తం 52 భాగాలయ్యాయి. ప్రతి సీజన్‌కు కొత్త శత్రువును తేవాల్సి వచ్చింది. 2014లో మూడో సీజన్‌ను మధ్యలో టీవీ నుంచి తీసి ఆన్‌లైన్‌కు మార్చారు. నాలుగో సీజన్‌లో బడ్జెట్ కోత పడితే, మనుషుల్ని ఉద్యోగాల్లోంచి తీసేయకుండా పాత దృశ్యాల్ని కలిపి ఒక భాగం చేశామని సృష్టికర్తల్లో ఒకరైన బ్రయన్ కోనియెట్జ్‌కో స్వయంగా చెప్పాడు. ఆ నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. మూడో సీజన్ నాకు ప్రాణం, నాలుగో సీజన్‌లో గాయపడ్డ కోరా కోలుకునే భాగం ఇంకా ఇష్టం. ఆ మనుషుల్లో ప్రతిభ ఏమీ తగ్గలేదు. కథ ఎంత దూరం వెళ్తుందో చెప్పే హక్కు వాళ్ల చేతిలో లేదు, అంతే.

డబ్బు పుష్కలంగా ఉంటే? దానికి ఆర్కేన్ చూడు, విడిపోయిన ఇద్దరు అక్కాచెల్లెళ్ల కథ. పారిస్‌లోని ఫోర్టీష్ స్టూడియో చేసింది, ప్రపంచంలో అత్యంత ఖరీదైన యానిమేషన్ సిరీస్‌లలో ఒకటని పత్రికలు రాశాయి. 2021లో వచ్చిన మొదటి సీజన్ తొమ్మిది భాగాల్లో మొదటి మూడూ అక్కాచెల్లెళ్ల చిన్నతనానికే ఇచ్చారు. అంత ఓపిక చూపారు కాబట్టే తర్వాత వాళ్లిద్దరూ ఎదురుపడినప్పుడు మన గొంతు పూడుకుపోతుంది. 2024లో వచ్చిన రెండో సీజన్ కూడా తొమ్మిది భాగాలే. బొమ్మలు ఇంకా గొప్పవి. కానీ యుద్ధం, సైన్యం, చనిపోయాడనుకున్న తండ్రి తిరిగి రావడం, కొత్త పాప, ఒక మతంలాంటి గుంపు, మరో సమాంతర లోకం, ఇన్ని కథలు అందులోనే పట్టాలి. ఎన్నో మలుపులను పాట మీద నడిపేశారు. ఒక పాట అయిపోయేసరికి నెలలు గడిచిపోతాయి, మనుషులు మారిపోతారు, మారడం మాత్రం మనం చూడం. ఆ సీజన్‌లో ఏడో భాగం నాకు అన్నింటికన్నా నచ్చింది. అక్కడ కథ ఆగి, ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ కలిసి ఏదో తయారు చేసుకుంటూ మాట్లాడుకోవడానికి చోటిచ్చింది.

ఇంకో కారణం బయటి ప్రేక్షకుడికి కనిపించనిది. 3డిలో, అంటే బొమ్మల్ని కంప్యూటర్‌లో కట్టే పద్ధతిలో, ఖర్చు ఎక్కువగా మోడళ్ల మీద, సెట్ల మీద పడుతుంది. కొత్త పాత్ర అంటే మోడల్ కట్టాలి, లోపల ఎముకల్లాగా రిగ్ పెట్టాలి, బట్టలు, జుట్టు కదిలేలా చేయాలి. కాబట్టి రచయితకు ముందే చెప్పేస్తారు: ఈ మూడు సెట్లు, ఈ ఆరు పాత్రలు, గుంపులు వద్దు, నీళ్లు వద్దు, కౌగిలింతలు తగ్గించు. కౌగిలింత ఎందుకంటే రెండు మోడళ్లు తాకితే ఒకదాని చెయ్యి ఇంకోదాని వీపులోంచి దూసుకుపోతుంది, ఫ్రేము ఫ్రేమూ సరిచేయాలి. పెద్ద జాతర అని రాసుకున్నది చివరికి ఖాళీ బజారు అవుతుంది. ఈ పరిమితులు ముందే తెలిసి వాటిని బట్టి కథ రాసుకుంటే నష్టం లేదు. రాశాక కోస్తేనే కథ కుంటుతుంది.

మన దగ్గర సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో యానిమేషన్ చాలావరకు బయటి దేశాల పని చేసిపెడుతూ పెరిగింది. స్క్రిప్ట్, డిజైన్, బోర్డు అక్కడి నుంచి వస్తాయి, మనవాళ్లు మోడలింగ్, యానిమేషన్, లైటింగ్ చేసి పంపుతారు. దానివల్ల మన పిల్లల చేతులు అద్భుతంగా తిరిగాయి. కథను బోర్డు మీద నిలబెట్టే పని మాత్రం తక్కువమందికే దక్కింది. సొంత కథ తీసే అవకాశం వచ్చినప్పుడు అక్కడే లోటు బయటపడుతుంది. ఛోటా భీమ్‌లో లోతు లేదు, అది విఫలమైన సిరీస్ అని అందరూ అంటుంటారు, నేను ఒప్పుకోను. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ తయారు చేసింది, 2008లో పోగోలో మొదలైంది. ఏ భాగం ఎక్కడ చూసినా చిన్న పిల్లకు అర్థం కావాలన్నది దాని పని, ఆ పని చేసింది. అదే సంస్థ 2019లో నెట్‌ఫ్లిక్స్‌కు మాటలే లేకుండా మైటీ లిటిల్ భీమ్ చేసి అన్ని దేశాల పిల్లలకూ అందేలా చేసింది. ఏం ఇవ్వాలో తెలుసుకొని అదే ఇచ్చినదాన్ని విఫలమైందనలేం. లోతు ఉంటుందని మొదటి భాగంలో మాట ఇచ్చి, ఐదో భాగానికి దాన్ని మర్చిపోయిన సిరీస్‌ల గురించే నా బాధ.

ఇక మీ పండుగ సాయన్న. ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన మనిషిగా పాలమూరు పాడుకునే కథ అది. అచ్చంపేట అంటే కిన్నెర అనే తీగల వాద్యం మీద పాడే పాటకు పుట్టిల్లు లాంటి ప్రాంతం. మీ నాగర్‌కర్నూల్ జిల్లాకే చెందిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, ఆయన పన్నెండు మెట్ల కిన్నెర మీద ఈ కథ పాడినవాళ్లలో ఒకరు. కిన్నెర పాడే మనిషి ముందు కూర్చున్న జనం ముఖాలు చూస్తూ ఒక చోట సాగదీస్తాడు, ఒక చోట రెండు చరణాలు మింగి ముందుకు పోతాడు. కథను అక్కడికక్కడే దిద్దుకునే ఆ అవకాశం మనకు తెర మీద ఉండదు, యానిమాటిక్‌లోనే ఉంటుంది. కాబట్టి మీరు మొదట చేయాల్సింది మొదటి భాగాన్ని రంగుల్లో తీయడం కాదు. అన్ని భాగాల యానిమాటిక్‌నూ చివరిదాకా పూర్తి చేయండి. సాయన్న చావు ఎట్లా చూపిస్తారో గీతల్లో తేలేదాకా ఒక్క ఫ్రేముకు కూడా రంగు వేయొద్దు. సాయన్న చనిపోతాడని పాట తెలిసిన ఊళ్లన్నిటికీ తెలుసు, అది మీకు వరం. ఏం జరుగుతుందో దాచాల్సిన టెన్షన్ లేదు, ఎట్లా జరిగిందో, ఎవరు నోరు విప్పారో, ఎవరు మూసుకున్నారో దాని మీదే మొత్తం బలం పెట్టొచ్చు.

పది భాగాలు 22 నిమిషాల చొప్పున వద్దు. ఇందాకటి లెక్కతో ఒక్క పాత్రకే 1,58,400 బొమ్మలు. ఐదుగురు అది మోయలేరు, నాలుగో భాగానికి మీ స్నేహమే చెడుతుంది. ఎనిమిది నిమిషాల భాగాలు ఆరు చేయండి. అదే లెక్కకు 34,560 అవుతుంది, అందులోనూ తెలివిగా ఆపాల్సిన చోట ఆపితే బాగా తగ్గుతుంది. చేయి తిరిగిన యానిమేటరు కూడా రోజుకు కొన్ని సెకన్లే తీయగలడు, అది మనసులో పెట్టుకొని తేదీలు వేసుకోండి. సాఫ్ట్‌వేర్ కోసం అప్పు చేయకండి. బ్లెండర్, క్రిటా ఉచితం, ఓపెన్‌టూంజ్ 2016 నుంచి ఉచితంగానే దొరుకుతోంది.

మాటలు ముందు రికార్డు చేసి ఆ తర్వాత బొమ్మ కదపండి. అమెరికాలో ఎక్కువగా అట్లనే చేస్తారు, జపాన్‌లో బొమ్మలయ్యాక గొంతు ఇవ్వడం అలవాటు. మీకు మొదటి పద్ధతే నప్పుతుంది, ఎందుకంటే మీ కథ పాట మీద నడుస్తుంది. కిన్నెర ఎక్కడ ఆగిందో అక్కడ మనిషి ఆగాలి, కత్తి ఎక్కడ లేవాలో పాట చెప్తుంది. పాత్రలతో పాలమూరు మాటే మాట్లాడించండి. టీవీలో మన పిల్లలు చూసే డబ్బింగ్ కార్టూన్లలో అందరూ పాఠ్యపుస్తకంలా మాట్లాడతారు, మన యాస వినిపిస్తే అది నవ్వించే పాత్ర నోట్లోనే. సాయన్న 'ఎట్ల బతుకుతరు బిడ్డా' అంటే దాన్ని గంభీరంగా, ప్రేమగా పలికించండి. మక్తల్, నారాయణపేట వైపు పాత్ర ఉంటే కన్నడం తగిలిన పలుకు అక్కడివాళ్లతోనే చెప్పించండి.

బ్యాక్‌గ్రౌండ్ల దగ్గర కూడా జాగ్రత్త. ఏ సిరీస్ చూసినా అవే పచ్చని గుట్టలు, అదే జలపాతం. మీ దగ్గర ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లున్నాయి, తాటివనాలు, ఎండిన చెరువు కట్టలు, బాలానగర్ వైపు సీతాఫలం చెట్లు, దక్షిణాన నల్లమల అడవి ఉన్నాయి. ఫోటోలు చూసి గీయకుండా పొద్దున, మిట్టమధ్యాహ్నం, మునిమాపున వెళ్లి అక్కడే కూర్చొని గీయండి. దొరల ఇల్లు గీయాలంటే పాత గడీల్లో ఏది మిగిలితే దాని లోపలికి వెళ్లి వాకిలి ఎత్తు, మెట్ల వరుస కొలుచుకోండి. నీడ ఎట్లా కథ చెప్తుందో తెలియాలంటే ఒకసారి నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి రండి. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలిచే ఉంటుంది. ఆ గుడిని కట్టినవాళ్లు వెలుతురు ఏ దిక్కు నుంచి వస్తుందో ముందే లెక్క వేసుకున్నారు. మీ ప్రతి సీన్‌కూ ఆ లెక్క కావాలి.

యానిమాటిక్ పూర్తయ్యాక దోస్తులకు చూపించకండి, వాళ్లు బాగుందనే అంటారు. ఊళ్లో పాట తెలిసిన ముసలివాళ్ల ముందు, ఏడెనిమిదేళ్ల పిల్లల ముందు పెట్టండి. మధ్యలో మీరు ఏమీ చెప్పకండి. తెర వైపు చూడకుండా వాళ్ల ముఖాలు చూడండి, ఎవరైనా ఫోన్ తీసిన క్షణం, పక్కవాళ్లతో మాట కలిపిన క్షణం కాగితం మీద టైమ్‌తో సహా రాసుకోండి. 'ఇప్పుడేమైంది?' అని ఒక పిల్ల అడిగితే ఆ సీన్ మళ్లీ గీయాల్సిందే. తర్వాత నెల తిరిగాక ఇంకో ఊళ్లో ఇంకో గుంపుకు చూపించండి.

పాడేవాళ్లతో డబ్బు విషయం మొదటి రోజే మాట్లాడి రాసుకోండి. ఏ పాట ఎన్ని భాగాల్లో వాడతారు, ఆన్‌లైన్‌లో డబ్బు వస్తే అందులో ఎంత ఇస్తారు, పేరు టైటిల్స్‌లో ఎక్కడ పడుతుంది, అన్నీ తెలుగులో ఒక కాగితం మీద పెట్టి వాళ్లకు చదివి వినిపించి ఇద్దరూ సంతకం చేయండి. మొదటి భాగం యానిమాటిక్ చేతికొచ్చాక నాకు పంపు తమ్ముడూ, ఎక్కడ లాగుతోందో షాటు షాటుకూ రాసి పంపుతాను.